రిహార్సల్లో వచ్చిన ఏడుపు

ప్రశ్న: నా వయసు 44. గుంటూరు జిల్లాలో ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. 19 నెలల కిందట మావారు గుండెపోటుతో పోయారు. పొద్దున్నే కూరగాయలకని స్కూటర్ మీద వెళ్లిన మనిషి మళ్లీ ఇంటికి నడిచి రాలేదు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా నేను సరిగ్గా ఏడవలేదు. అందరూ గట్టి మనిషివి అంటున్నారు. కానీ రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు. గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఉంటుంది. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఇద్దరం అవసరమైన మాటలు తప్ప మాట్లాడుకోం, మాట్లాడితే గొడవే.

మా ఆఫీసులో ఒక పెద్దాయన పరిషత్తు నాటక పోటీలకు నాటికలు వేస్తుంటారు. ఒక పాత్రకు మనిషి దొరక్క నన్ను అడిగారు. చిన్నప్పుడు స్కూల్లో వేశాను కదా అని సరేనన్నాను. తండ్రి పోయాక పిల్లలు ఆస్తి పంచుకుంటుంటే చూస్తూ నిలబడే తల్లి పాత్ర. మొదటి రోజు స్క్రిప్ట్ చదువుతూ, ఆ తల్లి భర్త ఫొటోతో మాట్లాడే చోటికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయింది. ఏడుగురి ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రాత్రి మాత్రం ఆరింటిదాకా నిద్రపోయాను. విషయం తెలిసి మా బావగారు "మొగుడు పోయి రెండేళ్లు కాలేదు, ముఖానికి రంగేసుకుంటావా" అన్నారు. అమ్మాయి ఏమీ అనలేదు, కానీ రెండు రోజులు నాతో కలిసి అన్నం తినలేదు. నాకు మనసు బలహీనమైందా? ఈ నాటికకు వెళ్లనా, మానేయనా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అంతటిలో నన్ను పట్టి ఆపింది మీరు మామూలుగా రాసేసిన ఒక చిన్న మాట. "ఆ రాత్రి మాత్రం ఆరింటిదాకా నిద్రపోయాను." 19 నెలలుగా మూడింటికే లేచి కూర్చుంటున్న మనిషి ఒక్క రాత్రి తెల్లారేదాకా పడుకుందంటే ఆ రోజు ఏదో జరిగింది. ముందు దాని గురించి మాట్లాడుకుందాం. బావగారి మాట తర్వాత.

మీ మనసు బలహీనపడలేదు. మీరు ఏడవకపోవడానికి కారణం ఏడవడానికి తీరిక దొరకకపోవడం. ఇంటి పెద్ద హఠాత్తుగా పోయిన ఇంట్లో ఏం జరుగుతుందో నేను చాలాసార్లు చూశాను. పదకొండో రోజు కాకముందే డెత్ సర్టిఫికెట్ ఎన్ని కాపీలు కావాలో లెక్క వేసుకోవాలి. వారసుల సర్టిఫికెట్, బ్యాంకు, ఇన్సూరెన్స్, స్కూటర్ పేరు మార్పిడి, పిల్ల ఫీజు. ఈ కాగితాలన్నిటి మీదా సంతకం పెట్టాల్సిన చెయ్యి మీది. ఆ చెయ్యి వణికితే పని ఆగిపోతుంది. అందుకని వణకనివ్వలేదు. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని మెచ్చుకుని "గట్టి మనిషి" అని పేరు పెట్టారు. ఒకసారి ఆ పేరు వచ్చాక దాన్ని నిలబెట్టుకోవడం కూడా మీ నెత్తిన పడింది.

గొంతులో అడ్డం గురించి. ఏడుపు వచ్చేటప్పుడు శరీరం గాలి ఎక్కువ తీసుకోవడానికి గొంతు లోపలి దారిని తెరిచి ఉంచాలని చూస్తుంది. మనం ఏడుపు మింగాలని చూసినప్పుడు అదే దారి మూసుకోవాలి. ఈ రెండింటి పెనుగులాటే ఉండలా తగులుతుంది. అయినా సరే, ఒకసారి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకుని థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. మీ వయసులో నెలసరి మార్పుల వల్ల కూడా తెల్లవారుజామున మెలకువ వస్తుంది. అన్నిటినీ దుఃఖం ఖాతాలో వేసేసి శరీరాన్ని వదిలేయకూడదు.

ఇక ఆ రిహార్సల్. ఇంట్లో రాని ఏడుపు అక్కడ, పరాయివాళ్ల ముందు ఎందుకు వచ్చింది? ఇంట్లో మీరు ఏడిస్తే అమ్మాయి బెదిరిపోతుంది. ఆఫీసులో ఏడిస్తే నలుగురూ పనులు వదిలేసి చుట్టూ చేరతారు, వాళ్లను మళ్లీ మీరే ఓదార్చాలి. అక్కడ అలా కాదు. చేతిలో కాగితం ఉంది, అందులో మాటలు ఇంకొకరివి. ఏడుస్తున్నది ఆ తల్లి. మీరు ఆమెకు గొంతు ఇచ్చారంతే. "నేను ఏడుస్తున్నాను" అని ఒప్పుకోవాల్సిన పని లేకుండా ఏడవగలిగారు. పైగా అక్కడ ఉన్న ఏడుగురికీ మీతో నాటిక పని తప్ప వేరే పని లేదు. సీను అయిపోయాక ఎవరో మంచినీళ్లు ఇచ్చి ఉంటారు, పెద్దాయన "మళ్లీ మొదటి నుంచి చదువుదాం" అని ఉంటారు. ఏడుపుకు ఒక మొదలూ ఒక చివరా ఉండటం మీకు ఇన్నాళ్ల తర్వాత అక్కడే దొరికింది.

సిగ్గుపడ్డానన్నారు. నాట్యశాస్త్రంలో భరతుడు ఎనిమిది సాత్విక భావాలు, అంటే మనసు కదిలితే ఒంట్లో కనిపించే మార్పులు, చెప్పాడు. అందులో గొంతు మారిపోవడం ఒకటి, దాన్ని స్వరభేదం అన్నాడు. కన్నీళ్లు ఇంకొకటి, అశ్రువు. నటుడు కష్టపడి తెచ్చుకోవాల్సిన రెండూ మీకు పిలవకుండానే వచ్చాయి. అదే గ్రంథం మొదటి అధ్యాయంలో నాట్యం ఎవరికోసమో కూడా చెప్పాడు. దుఃఖంలో ఉన్నవాళ్లకు, శ్రమతో అలసినవాళ్లకు, శోకంతో కుంగినవాళ్లకు ఇది విశ్రాంతి ఇస్తుందని. మామూలుగా దీన్ని ప్రేక్షకుడి గురించే అనుకుంటాం. ఆడేవాడికి కూడా వర్తిస్తుందని నేను నమ్మడానికి కారణం మా నాన్న.

మాది రేపల్లె దగ్గర ఒక పల్లె. నాన్న రైతు. శ్రీరామనవమి పందిట్లో మా ఊరివాళ్లు హరిశ్చంద్ర ఆడేవారు. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. నాన్న చంద్రమతి. కాటి సీనులో, పాము కరిచి చనిపోయిన లోహితుణ్ణి ఒళ్లో పెట్టుకుని పాడే పద్యాలకు చుట్టుపక్కల ఊళ్లలో ఆయనకు పేరుంది. నాకు ఏడేళ్లప్పుడు మా తమ్ముడు జ్వరంతో పోయాడు. వాడికి నాలుగేళ్లు. నాన్న ఏడవడం నేను చూడలేదు. మర్నాడే పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లాడు. ఆ ఏడు నవమికి వేషం కట్టనన్నాడు, వేరేవాళ్లు కట్టారు. మరుసటి ఏడు కట్టాడు. మా నాయనమ్మ వద్దని గొడవ చేసింది.

ఆ రాత్రి కాటి సీను నాకు ఇప్పటికీ గుర్తుంది. పద్యం మొదలుపెట్టాడు, గొంతు ఎక్కడా తప్పలేదు. రాగం తీసి నిలబెట్టేసరికి పందిట్లో ఆడవాళ్లందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు వెనక నుంచి మగవాళ్లు "వన్స్ మోర్" అని కేకలు వేశారు. పద్యనాటకంలో అది మామూలే కదా. నాన్న మళ్లీ పాడాడు, మళ్లీ కన్నీళ్లు పెట్టుకున్నాడు. మళ్లీ వన్స్ మోర్. మూడోసారీ పాడాడు. ఆ తర్వాత చేత్తో చాలు అన్నట్టు సైగ చేసి సీను ముందుకు నడిపాడు. నాటకం అయ్యాక నేను తెర వెనక్కి వెళ్లాను. హార్మోనియం పెట్టె మీద కూర్చుని కొబ్బరినూనెతో ముఖం మీది అర్దళం రంగు తుడుచుకుంటున్నాడు. సగం ముఖం చంద్రమతి, సగం నాన్న. నన్ను దగ్గరికి తీసుకుని తమ్ముడి పేరు పలికాడు. వాడు పోయాక ఆ పేరు ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి.

చాలా ఏళ్లకు, మనుషుల బాధలు వినే ఈ వృత్తిలోకి వచ్చాక, ఆ వన్స్ మోర్ నాకు అర్థమైంది. దుఃఖం మనల్ని అంతగా భయపెట్టేది అది చెప్పకుండా వస్తుంది కనుక. కూర తరుగుతుంటే వస్తుంది, బస్సులో వస్తుంది, ఒక్కసారి మొదలైతే ఆగదేమోనని భయం వేస్తుంది. ఆ రాత్రి నాన్న దాన్ని మూడుసార్లు పిలిచాడు, అది మూడుసార్లు వచ్చింది. చాలన్నాక ఆగింది. పిలిస్తే వచ్చి, చాలంటే ఆగుతుందని తెలిశాక దాన్ని ఇంట్లో పెట్టుకుని బతకడం వీలవుతుంది.

ఇక్కడ మీకు నేను జాగ్రత్తగా ఒక మాట చెప్పాలి. నాటకానికి వెళ్లండి. ఈ పాత్ర మాత్రం ఈ ఏడు వద్దు.

నాన్నకు చంద్రమతి పదేళ్ల పాత చుట్టం. పద్యాలు నాలుక మీద ఉన్నాయి, ఎక్కడ ఊపిరి తీయాలో, ఎక్కడ ఆపాలో ఒంటికి తెలుసు. పాత్ర ముందు వచ్చింది, దుఃఖం తర్వాత వచ్చింది. మీకు దుఃఖం ముందు వచ్చింది, పాత్ర ఇప్పుడు చేతికొచ్చింది. రంగస్థలం మీద ఎలా నిలబడాలో నేర్చుకోకముందే భర్త ఫొటోతో మాట్లాడే సీను మోయాలి. ఒకరోజు వచ్చిన ఏడుపు మేలు చేసింది. అదే సీను నెల రోజులు, వారానికి నాలుగు సాయంత్రాలు రిహార్సల్ చేయడం వేరు. ఒక దశలో ఏడుపు రాకపోతే "ఆయన్ని మరిచిపోతున్నానా" అనిపిస్తుంది. వస్తే మాట నిలవదు. రెండూ మీకు బాధే.

డ్రామాను చికిత్సగా వాడేవాళ్లు ఈ ఎడం గురించి చాలా పట్టింపుగా ఉంటారు. సొంత గాయానికి పాత్ర మరీ దగ్గరైతే మనిషి అందులో మునిగిపోతారు. మరీ దూరమైతే ఏమీ కదలదు. వియన్నాలో 1920ల మొదట్లో జాకబ్ మొరేనో అనే వైద్యుడు మనుషుల చేత అప్పటికప్పుడు నాటకం ఆడించడం మొదలుపెట్టాడు. దాన్నుంచే తర్వాత సైకోడ్రామా వచ్చింది. అందులో సొంత కథనే ఆడతారు. కానీ అక్కడ నడిపేవాడు శిక్షణ పొందిన చికిత్సకుడు, ఆట అయ్యాక అందరూ కూర్చుని మాట్లాడుకోవడం తప్పనిసరి. మీ ఆఫీసు పెద్దాయన మంచి దర్శకుడే కావచ్చు. ఆయన పని నాటికను నిలబెట్టడం, మిమ్మల్ని కాదు.

కాబట్టి ఆయన్నే అడగండి. "ఈ పాత్ర నాకిప్పుడు బరువు. ఇదే నాటికలో పక్కింటావిడో, వదినో, చిన్న పాత్ర ఉంటే ఇవ్వండి. లేకపోతే వచ్చే నాటికలో ఇవ్వండి. అప్పటిదాకా తెర పక్క నుంచి డైలాగులు అందిస్తూ ప్రాంప్టింగ్ చేస్తాను." ఆడపాత్రలకు మనుషులు దొరక్క పరిషత్తు నాటక సమాజాలు ఎంత ఇబ్బంది పడతాయో తెలుసు కనుక చెబుతున్నాను, వస్తానన్న మనిషిని ఆయన వదులుకోరు. కుదిరితే నోరున్న పాత్ర అడగండి. సూర్యకాంతం గారి తరహాలో గొంతెత్తి అరిచే ఆడమనిషి అయితే మరీ మంచిది. మీరు 19 నెలలుగా ఏడుపు ఒక్కటే ఆపుకోలేదు. కోపం ఆపుకున్నారు, నవ్వు కూడా ఆపుకున్నారు. అంత తొందరగా వెళ్లిపోయిన మనిషి మీద మీకు కోపం ఉంటుంది. ఉండటం తప్పు కాదు. అది పైకి చెప్పుకోవడానికి ఇంట్లో చోటు లేదు. రంగస్థలం మీద చీపురు పట్టుకుని పక్కింటివాడి మీద విరుచుకుపడటానికి చోటుంది, చప్పట్లు కూడా పడతాయి.

మేలు చేసేదంతా ప్రదర్శన రోజున జరుగుతుందని కూడా అనుకోకండి. ఎక్కువ భాగం రిహార్సల్లోనే జరుగుతుంది. సాయంత్రం ఆరున్నరకి ఫలానా చోట మీకోసం నలుగురు ఎదురుచూస్తుంటారు. మీరు రాకపోతే సీను నడవదు. వితంతువుగా కాదు, సీనియర్ అసిస్టెంట్‌గా కాదు, రెండో ఎంట్రీలో కాఫీ గ్లాసు తెచ్చే మనిషిగా మీరు అక్కడ అవసరం. ఎదుటివాడి డైలాగు పూర్తిగా వింటే తప్ప మీది అందదు, అందుకని చెవి తెరుచుకుంటుంది. వెనక వరుసకు వినిపించాలంటే పొట్టలోంచి ఊపిరి తీయాలి. ఇన్నాళ్లుగా మీరు బిగబట్టిన ఊపిరి అది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మొదటి వారం చాలా ఇబ్బందిగా ఉంటుంది, ఓర్చుకోండి. మూడో వారానికి అవే సర్దుకుంటాయి.

దర్శకుడు ఎప్పుడైనా "మీ ఆయన్ని గుర్తు తెచ్చుకోండమ్మా, ఎమోషన్ అదే వస్తుంది" అంటే మర్యాదగా కుదరదని చెప్పండి. నటుడు సొంత జ్ఞాపకాన్ని తవ్వి భావం తెచ్చుకోవాలని మొదట్లో నేర్పిన రష్యా నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీయే తర్వాతి రోజుల్లో చేసే పని మీద, శరీరం కదలిక మీద ఎక్కువ ఆధారపడ్డాడు. చొక్కా మడత పెట్టే పని శ్రద్ధగా చేస్తే చాలు, రావాల్సింది వస్తుంది. మీవారి జ్ఞాపకాలు మీవి. వాటిని నాటికకు అప్పివ్వాల్సిన అవసరం లేదు.

పాత్రలోంచి బయటికి రావడం కూడా నేర్చుకోండి. ఒక పాత శాలువా రిహార్సల్‌కు మాత్రమే కేటాయించండి. వెళ్లగానే వేసుకోండి, అయిపోగానే మడతపెట్టి సంచిలో పెట్టి ముఖం కడుక్కోండి. ఎవరితోనైనా పప్పు ధర గురించో బస్సు టైము గురించో రెండు మాటలు మాట్లాడి ఇంటికి బయలుదేరండి. ఆ శాలువాతో ఇంట్లో తిరగకండి. ఒకవేళ రిహార్సల్ అయిన రాత్రులు నిద్ర ఇంకా చెడిపోతున్నా, అన్నం సయించకపోయినా, పోయిన మీవారి దగ్గరికి వెళ్లిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా నాటకం ఆపేసి ముందు మానసిక వైద్యుణ్ణి కలవండి. టెలి మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి మూడింటికి చేసినా తెలుగులో మాట్లాడతారు. మీకు మెలకువ వచ్చే వేళ అదే కాబట్టి ఈ నంబరు ఫోన్లో పెట్టుకోండి.

పరిషత్తు పోటీలకు ఊళ్లు తిరగాలి, మీ నాటిక వంతు రాత్రి ఏ వేళకు వస్తుందో చెప్పలేం. జట్టులో ఇంకా ఎవరు ఆడవాళ్లున్నారు, ఏ బండిలో వెళ్తారు, బస ఎక్కడ, ఇవన్నీ ముందే అడగండి. అడిగితే ఏమనుకుంటారో అనుకోవద్దు. సరైన సమాజమైతే మీరు అడగకముందే చెబుతారు. మొదటి ఏడు మీ ఊళ్లో, పక్క ఊళ్లో ప్రదర్శనలకే పరిమితమవుతానన్నా తప్పు లేదు.

ఇప్పుడు బావగారు. ఆయన మాట కటువుగా ఉన్నా, తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆయన కూడా ఎక్కడా ఏడ్చి ఉండరు. మీరు కుదుటపడితే తమ్ముడు నిజంగానే వెళ్లిపోయినట్టు అవుతుందని ఆయనకు భయం ఉండవచ్చు. దాని కోసం ఆయన్ని అర్థం చేసుకోవచ్చు. అనుమతి అడగక్కర్లేదు. ఇల్లు మీరు నడుపుతున్నారు. ఒకసారి వెళ్లి "బావగారూ, నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. ఇది నాకు మందులా పనిచేస్తోంది. మీ తమ్ముడి పేరుకు మచ్చ వచ్చే పని నేను చేయను" అని చెప్పి, కాఫీ తాగి వచ్చేయండి. వాదన పెట్టుకోకండి.

"భర్త పోయిన ఆడది రంగు వేసుకోవడమా" అని ఇంకెవరన్నా అంటే మాత్రం మీ మనసులో ఒక సంగతి గుర్తుంచుకోండి. తెలుగు నాటకరంగ దినోత్సవాన్ని ఏప్రిల్ 16న జరుపుకుంటాం. అది కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు. 1880లో రాజమండ్రిలో తెలుగు నాటకం ఆడించిందీ, 1881 డిసెంబరులో అదే ఊళ్లో వితంతు వివాహం జరిపించిందీ ఆయనే. మన నాటకమూ, భర్త పోయిన ఆడవాళ్లూ మనుషుల్లా బతకాలన్న మాటా ఒకే మనిషి చేతుల మీదుగా వచ్చాయి. ఇక 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో తల్లులు, కోడళ్లు, మనవరాళ్లు తరాలుగా రంగు వేసుకుంటూనే సంసారాలు చేశారు.

నాకు నిజంగా ఆలోచన ఉన్నది మీ అమ్మాయి గురించి. రెండు రోజులు మీతో అన్నం తినలేదన్నారు. పరువు పోతుందనో, నాన్నను మరిచిపోతున్నావనో కోపం అనుకుంటున్నారేమో. నాకు వేరేలా తోస్తోంది. మీరు ఏడ్చారన్న సంగతి ఆ పిల్లకు బయటివాళ్ల ద్వారా తెలిసింది. 19 నెలలు ఇంట్లో తన ముందు ఒక్క చుక్క కార్చని అమ్మ, ఏడుగురు పరాయివాళ్ల ముందు ఏడ్చింది. మీరు ఏడవడం లేదు కాబట్టి తనూ ఏడవకూడదనుకుని ఆ పదిహేడేళ్ల పిల్ల కూడా ఇన్నాళ్లూ బిగబట్టుకుని ఉంటుంది. మీరిద్దరూ ఒకరి కోసం ఒకరు గట్టిగా నిలబడి, మధ్యలో మాట లేకుండా చేసుకున్నారు.

దీనికి పెద్ద సంభాషణ ఏదీ పెట్టుకోకండి. "రా, కూర్చో, మాట్లాడాలి" అంటే ఆ వయసు పిల్లలు లేచి వెళ్లిపోతారు. కొత్త పాత్ర స్క్రిప్ట్ చేతికి వచ్చాక ఒక రాత్రి, గిన్నెలు సర్దేశాక, కాగితాలు డైనింగ్ టేబుల్ మీద పెట్టండి. డైలాగులు నోటికి రావాలంటే ఎవరో ఒకరు ఎదుటి పాత్ర చదవాలి, అది నిజమైన అవసరమే. "కాస్త అవతలివాళ్లది చదివిపెట్టవే, నాకు అందడం లేదు" అని అడగండి. మొదటి రోజు విసుక్కుంటుంది, ఫోన్ చూస్తూ గొణుగుతుంది. గొణగనివ్వండి. తప్పు చదివితే దిద్దకండి. మీ వంతు వచ్చినప్పుడు పక్కింటావిడలా గొంతు పెంచి, పూర్తిగా, సిగ్గుపడకుండా చెప్పండి. ఆ పిల్ల తలెత్తి మీ వైపు చూసేదాకా చెప్పండి.